వస్తానన్నాడు

పోయిన వారం ఈ కథ ఒక అక్షరం దగ్గర ఆగింది.

చిలకలగూడలో డాక్టర్ జాన్ సాహెబ్ గారి క్లినిక్ ఉంది. అందులో కౌన్సెలర్‌గా పనిచేసే బ్యూలా, బుధవారం రావలసిన ఇవాన్ రాకపోయేసరికి గురువారం సాయంత్రం అతని సెల్‌కు ఫోన్ చేసింది. ఇవాన్ అన్న పేరు ఆ క్లినిక్ గోడల మధ్య మాత్రమే చెల్లుతుంది. అల్వాల్‌లోని ఇంట్లో, ప్యారడైజ్ దగ్గర పనిచేసే ట్రావెల్ ఆఫీసులో, బాప్తిస్మం పొందిన చర్చిలో అతని పేరు ఎలీనా. పాతికేళ్ళు అమ్మాయిగా పెరిగినవాడు, తాను అమ్మాయిని కానని మొదటిసారి నోరు విప్పి చెప్పుకున్నది బ్యూలా గదిలోనే. ఆ ఫోన్ మాత్రం అతను ఎత్తలేదు, అతని తల్లి ఎత్తింది. "పాప ఫోన్ ఇంట్లో మరిచిపోయి వెళ్ళిందండీ, ఎవరు మాట్లాడేది?" అని అడిగింది. బ్యూలా గాభరాపడి, "ఏం లేదండీ, బుధవారం వస్తానన్నాడు, రాలేదు, అందుకని చేశాను" అనేసింది. అనేశాక నాలుక కరుచుకుని ఫోన్ పెట్టేసింది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. బ్యూలా విషయంలో నోరంతా జారలేదు, ఒక్క 'డు' జారింది.

తెలుగు ఈ విషయంలో తమాషా భాష. "నేను వస్తా", "నువ్వు వచ్చావు" అన్నంతసేపూ ఆడా మగా అని అడగదు. "రాలేదు", "తినలేదు" అన్నా అడగదు. ఎదురుగా లేని మనిషి గురించి "వచ్చాడు", "వచ్చింది" అనవలసి వచ్చినప్పుడే గుమ్మంలో నిలబెట్టి ఎవరు నువ్వని ఆరా తీస్తుంది. ఇవాన్ తన సంగతి చెప్పిన నాటి నుంచి బ్యూలా అతన్ని మనసులో కూడా 'డు'తోనే తలచుకోవడం అలవాటు చేసుకుంది. మొదట్లో కష్టపడింది, తడబడింది, తనను తాను దిద్దుకుంది. తీరా ఆ అలవాటు బాగా కుదిరాక అదే కొంప ముంచింది.

శుక్రవారం పొద్దున బ్యూలా క్లినిక్ మెట్లెక్కేసరికి వరండా బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. గంజి పెట్టిన నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, ఒళ్ళో గుడ్డసంచి. రిసెప్షన్‌లో ఉండే రేష్మా పరిగెత్తుకొచ్చి చెవిలో చెప్పింది.

"మేడమ్, గీమె మీకోసమే వచ్చింది. నిన్న మీరు పోయినాక గా నంబర్‌కే తిరిగి ఫోన్ చేసి, ఇది ఏడుంటది, ఏందీ అని అడిగింది. నేను అడ్రస్ చెప్పిన. మంచిగ మాట్లాడింది మేడమ్, టీచర్ అంట."

తానేదో మంచి పని చేశానన్న సంతోషం రేష్మా మొహంలో కనిపిస్తూ ఉంది. ఆ పిల్లను కోప్పడి లాభం లేదని బ్యూలాకు తెలుసు. అగ్గిపుల్ల గీసింది తాను, రేష్మా పాపం దారి చూపింది అంతే. మొహానికి మామూలు నవ్వు తగిలించుకుని ఆవిడను గదిలోకి పిలిచింది.

"వందనాలమ్మా" అంటూ ఆవిడ కుర్చీలో కూర్చుంది. గది నాలుగు గోడలూ చూసింది. బ్యూలా మేజా మీది పేరు చూసింది. "బ్యూలా. మనవాళ్ళే అన్నమాట. మీరు ఏ సంఘం?"

"మెట్టుగూడ వెళ్తామండీ."

"అట్లాగా. మీ అమ్మగారివాళ్ళది ఏ ఊరు?"

బ్యూలాకు ఈ వరస బాగా తెలుసు. సంఘమంటే చర్చి. ఏ సంఘం, ఏ ఊరు అని మొదలుపెడితే ఇంకో రెండు ప్రశ్నల్లో ఎవరో ఒక పాస్టరుగారి కోడలి దగ్గర చుట్టరికం తేలుతుంది. చుట్టరికం తేలాక ఏ విషయమూ దాగదు. "మీరు ఏం పని మీద వచ్చారో చెప్పండి మేడమ్" అంది మెత్తగానే.

"నా పేరు ఆలిస్. బొల్లారంలో ఒక స్కూల్లో తెలుగు చెబుతాను. నిన్న మా ఎలీనా ఫోన్‌కు చేసింది మీరే కదా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలిసి బస్సులో వస్తూ బ్యూలా ఒక జవాబు సిద్ధం చేసుకుంది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. "మేడమ్, ఇక్కడికి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది నేను ఎవరికీ చెప్పకూడదు. తల్లి అడిగినా, తండ్రి అడిగినా చెప్పకూడదు. మీ బాధ మీరు చెప్పుకోవాలనుకుంటే ఎంతసేపైనా వింటాను. ఇంకొకరి గురించి అడిగితే మాత్రం నన్ను మన్నించండి."

"మంచి పద్ధతే." ఆలిస్ తల ఊపింది, ఎవరో పిల్లవాడు పద్యం తప్పులేకుండా చదివినట్టు. "సరే, మీరు చెప్పొద్దు. నేను చెబుతాను, మీరు వినండి. ఆరో తరగతి పిల్లలకు నేను మొదట నేర్పేది ఒకటే. తెలుగులో క్రియను చూస్తే చాలు, కర్త కనపడకపోయినా ఎవరో తెలిసిపోతుంది. నిన్న మీరు 'వస్తానన్నాడు' అన్నారు. మా ఎలీనా అయితే 'వస్తానంది' అనేవారు. కాబట్టి వస్తానన్నది మా ఎలీనా కాదు. మా పిల్ల ఫోన్‌కు చేసి ఒక మగవాడు రాలేదేమని అడుగుతున్నారంటే, ఆ మగవాడూ మా పిల్లా కలిసి ఇక్కడికి వస్తున్నారన్నమాట. పెళ్ళికాని పిల్ల, ఒక మగవాడు, ఒక క్లినిక్." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. గొంతు బాగా తగ్గించింది. "ఎన్నో నెలమ్మా?"

బ్యూలాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. వెంటనే ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగేసింది.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. అబ్బాయెవరూ లేడండీ అంటే, మరి ఆ 'డు' ఎవరిదని ఈ టీచరమ్మ తప్పకుండా అడుగుతుంది, ఇంటికి చేరేలోపు లెక్క తేల్చుకుంటుంది. పొరపాటున అన్నానండీ అంటే అబద్ధం, పైగా నిలవని అబద్ధం. ఏమీ అనకపోతే ఈ తల్లి కంటికి కూతురు గర్భవతి. ఏ దారిన పోయినా చివరకు ఇవాన్ తలకే చుట్టుకుంటుంది. "ఇంట్లో చెప్పే మాట నీది, చెప్పే రోజూ నీదే, నేను తొందరపెట్టను" అని అతనికి మాట ఇచ్చింది బ్యూలా. ఆ మాటను నమ్మే అతను వారం వారం వస్తున్నాడు. ఆ నమ్మకం పోతే మళ్ళీ ఈ గడప తొక్కడు. తొక్కకపోతే అతనికి ఈ ఊళ్ళో తన పేరుతో పిలిచే చోటు ఇంకొకటి లేదు.

ఆలోచించి ఆలోచించి, ఎవరి రహస్యమూ కాని ఒక నిజం వెతికి పట్టుకుంది. "మేడమ్, ఈ క్లినిక్‌లో కాన్పుల కేసులు చూడరు. జ్వరం, బీపీ, షుగర్, ఒంటి నొప్పులు, నిద్ర పట్టకపోవడం, మనసు బాగుండకపోవడం, ఇంతే. బయట బోర్డు మీద రాసే ఉంది, కావాలంటే చూడండి."

"చూశాను. 'మానసిక' అన్న మాటలో 'సి'కి దీర్ఘం పెట్టారు. తప్పు." అంది ఆలిస్ వెంటనే.

అయితే, గండం గడిచిందని ఆవిడ మొహం తేటపడాలి కదా. పడలేదు. ఇంకా వాడిపోయింది. "అంటే కడుపు కాదు" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "అంటే అబ్బాయి కూడా లేడా?"

బ్యూలా మేజా మీది కాగితాలు సర్దింది.

"నిన్న మీ ఫోన్ తర్వాత నేను ఏడుస్తూ కూర్చున్నాననుకుంటున్నారు కదూ? లేదమ్మా. రెండేళ్ళ తర్వాత నిన్న కంటినిండా నిద్రపోయాను. ఎవడో ఒకడు ఉన్నాడు, దేవునికి స్తోత్రం అనుకున్నాను. ఏ కులమైనా సరే, ఏ మతమైనా సరే, కడుపే చేసినా సరే, అబ్బాయంటూ ఒకడు ఉన్నాడు కదా అనుకున్నాను. నేను తిట్టడానికి రాలేదిక్కడికి. ఉన్నాడని మీ నోటితో వినడానికొచ్చాను." ఆవిడ ఒళ్ళోని సంచి దగ్గరకు లాక్కుంది. "మా ఇంట్లో బట్టలు నేనే ఉతుకుతాను. కాలు బెణికితే చుట్టుకునే సాగే పట్టీలు ఉంటాయే, అవి మొన్నమొన్నటిదాకా వారానికోసారి నా బకెట్లోకి వచ్చేవి. రెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరి కాలూ బెణకలేదు."

బ్యూలాకు ఆవిడ మీద జాలి ముంచుకొచ్చింది. తెలియదనుకున్న మనిషికి అంతా తెలుసు. తెలిసిన దాన్ని తెలియనట్టు ఉంచుకోవడానికి ఎంత శ్రమపడుతోందో, ఒక 'డు' దొరికితే దాన్ని పట్టుకుని అల్వాల్ నుంచి చిలకలగూడ దాకా వచ్చేసింది. ఉన్నాడండీ అని ఒక్క మాట అంటే ఆవిడ లేచి దండం పెట్టి వెళ్ళిపోతుంది. ఆ మాటే బ్యూలా అనకూడదు.

"ఈ ఆదివారం మొదటి ప్రకటన" అంది ఆలిస్, కళ్ళు తుడుచుకుని.

చర్చి పెళ్ళిళ్ళ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ పెళ్ళి నిశ్చయమైందని, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయాలని, పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు సంఘమంతా వినేట్టు చదువుతారు. ఒకసారి చదివాక అది ఇంటి విషయంగా మిగలదు. ఆలిస్ భర్త యేసురాజు పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, ఆ సంఘానికి సెక్రటరీ. ప్రకటనలు చదివేది ఆయనే. కూతురి పెళ్ళి ప్రకటన తన గొంతుతో చదవాలని ఆయనకు ఎన్నాళ్ళుగానో కోరిక. అబ్బాయి పేరు ఆశీష్, రైల్వేలో ఉద్యోగం, క్వయర్‌లో పాడతాడు, ఏ చెడ్డ అలవాటూ లేదు. ఇదంతా ఆలిస్ చెప్పుకొస్తుంటే, బుధవారం ఇవాన్ ఎందుకు రాలేదో బ్యూలాకు అర్థమైంది. మూడు నెలలుగా కూడదీసుకున్న ధైర్యం ఆ ఒక్క మాటతో చెదిరిపోయి ఉంటుంది.

"పెళ్ళి చేసుకునేవాళ్ళు ఒప్పుకున్నారా మేడమ్?" అని అడిగింది, ఆడా మగా తగలకుండా వాక్యాన్ని జాగ్రత్తగా మడిచి.

"అడిగాం. ఔననలేదు, కాదనలేదు. తల దించుకుని కూర్చుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా." అని ఆగింది ఆలిస్. బ్యూలాను సూటిగా చూసింది. "మరి మీ మౌనం దేనికి అంగీకారం?"

తలుపు మీద రెండుసార్లు వేళ్ళతో కొట్టిన చప్పుడైంది.

జాన్ సాహెబ్ గారిది చీరాల. ఆయనకొక పద్ధతి ఉంది. మనసు బాగాలేని మనిషిని పక్క గదికి వెళ్ళమని చీటీ రాసి పంపడు. తానే లేచి, ఆ మనిషి పక్కన నడిచి, బ్యూలా గది దాకా తీసుకొచ్చి, బాధ ఇదీ అని రెండు ముక్కల్లో చెప్పి అప్పగించి వెళతాడు. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడం కంటే పెద్ద రోగం లేదంటాడు. బయట ఎంత జనమున్నా ఆ నాలుగు అడుగులు మానడు. ఇవాన్ మొదటిసారి గుండెనొప్పి అని వచ్చి, ఈసీజీకి చొక్కా విప్పనంటే విప్పనని మొండికేసినప్పుడు, మిగతా డాక్టర్లలా విసుక్కోకుండా ఇలాగే నడిపించుకొచ్చాడు. క్లినిక్‌కు ఉన్న మంచి పేరంతా ఆ పద్ధతి వల్లనే. అయితే శుక్రవారం పొద్దున మొదటి గంట బ్యూలా గది ఖాళీగా ఉంటుందని ఆయన లెక్క. లోపల మనిషి ఉందని చెప్పవలసిన రేష్మా ఆ వేళకు మంచినీళ్ళ క్యాన్ దింపించుకుంటోంది.

"అమ్మా బ్యూలా, మన ఇవాన్ వచ్చాడు" అంటూ తలుపు తోశాడు డాక్టర్. "నిన్నటి నుంచి అన్నం సహించడంలేదంట, కునుకు లేదంట. బీపీ చూశాను, బానే ఉంది. నువ్వు కాసేపు..."

అప్పుడు చూశాడు ఆలిస్‌ను. ఆయన వెనక నిలబడ్డ ఇవాన్ అంతకంటే ముందే చూశాడు. వదులు గళ్ళ చొక్కా, భుజాన ఆఫీసు బ్యాగు, చేతిలో ఫోన్. తల్లి వంక చూడలేదు. బ్యూలానే చూశాడు.

"చెప్పేసిన్రా అక్కా?"

ఆ 'అక్కా' వినేసరికి బ్యూలా కుర్చీలోంచి లేచింది. "నీ గురించి ఏం చెప్పలేదు. కానీ నిన్న ఫోన్‌లో నా నోరు జారింది. 'వస్తానన్నాడు' అనేశాను. అది పట్టుకునే ఈవిడ వచ్చారు. తప్పు నాదే" అంది. దాచడానికి ఇంక ఏముంది కనుక.

డాక్టర్ గారికి వ్యవహారం అర్థమైంది. ఆయన చెంపలు ఎర్రబడ్డాయి. తాను చేసింది 'డు' కంటే పెద్ద తప్పని, పేరే చెప్పేశానని తెలిసింది. తర్వాత ఆలిస్‌ను పక్కనపెట్టి ఇవాన్‌నే అడిగాడు. "బాబూ, ఇప్పుడు నువ్వు ఎట్టా అంటే అట్టా. ఆవిణ్ణి బయట కూర్చోమంటావా? నువ్వు నా గదిలోకి వస్తావా? లేదంటే ముగ్గురూ ఇక్కడే మాట్లాడుకుంటారా?"

ఇవాన్ చాలాసేపు చెప్పు కొనతో నేలమీది టైలును గీరాడు. పారిపోవడానికి తలుపు తెరిచే ఉంది. "ఉండనీయండి సార్" అన్నాడు చివరకు. "ఎప్పటికైనా ఉన్న తక్లీఫే కద."

డాక్టర్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

"కూర్చో" అంది ఆలిస్.

ఇవాన్ కూర్చున్నాడు. బ్యూలా తన కుర్చీ మేజా వెనకనుంచి ఇవతలికి లాక్కుంది, ఇద్దరికీ సమానదూరంలో. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని నోరు మూసుకుని కూర్చోవడమే. ఆ పని నిన్న చేయలేకపోయింది. ఇవాళైనా చేద్దామనుకుంది.

"ఇవాన్ అట" అంది ఆలిస్ ఎవరితోనో అన్నట్టు. "ఎవరు పెట్టారా పేరు?"

"నేనే పెట్టుకున్న."

"నేను పెట్టిన పేరు బాగాలేదా?"

"బాగుంటది మమ్మీ. నాకు పట్టదు, అంతే."

పాతికేళ్ళుగా ఆలిస్ ఇంట్లో 'ఉంటది' కాదు 'ఉంటుంది' అని దిద్దుతూనే ఉంది. సికింద్రాబాద్‌లో పుట్టిన పిల్లకు తన బాపట్ల తెలుగు పట్టించలేకపోయింది. ఇవాళ దిద్దలేదు. ఆవిడ బ్యూలా వైపు తిరిగి, "తిండి లేదు. నిద్ర లేదు. నాకు చెప్పనూ లేదు" అంది. బ్యూలా ఆ మాటల్ని గమనించింది. 'తినదు' అనీ అనలేదు, 'తినడు' అనీ అనలేదు. 'చెప్పింది' అన్న మాటకూ 'చెప్పాడు' అన్న మాటకూ దొరకకుండా, ఆ తెలుగు టీచరు లేదు లేదు అంటూ గోడవారగా నడుస్తోంది. ఇష్టపడి అలా మాట్లాడుతోందో, భయపడి మాట్లాడుతోందో బ్యూలాకు తెలియలేదు.

"ఇక్కడ మీరేం చేస్తారు?" అని అడిగింది ఆలిస్. "మందులిస్తారా? ఏమైనా కోస్తారా? ఏం చేసి ఇట్లా మారుస్తారు?"

బ్యూలా ఇవాన్‌ను చూసి, "చెప్పనా?" అంది. అతను తల ఊపాడు.

"మేమెవరినీ మార్చం మేడమ్. ఇటు మార్చం, అటూ మార్చం. గుండెనొప్పి అని వచ్చాడు. మీరు చూసిన ఆ పట్టీలే కారణం. అవి ఊపిరాడకుండా బిగించి, రోజంతా విప్పకుండా ఉంటే పక్కటెముకలు నొప్పెట్టాయి, చర్మం పుండ్లు పడింది. డాక్టర్ గారు ముందు అవి మాన్పించారు, ఒంటికి హాని చేయని బిగుతు బనియన్ తెప్పించుకోమన్నారు. రక్తపరీక్షలు చేయించారు. హార్మోన్ల సంగతి చూసే పెద్ద డాక్టర్ దగ్గరికి వచ్చే నెల వెళ్ళాలి. మందులు మొదలుపెట్టాలా, ఆగాలా అని తనే ఆలోచించుకుంటున్నాడు. మొదలుపెడితే బీపీ, రక్తం అవీ ఇక్కడే చూస్తూ ఉంటారు. నా పని మందులు కాదు. భయమేస్తే ఆ భయంతో ఒక్కడే ఉండిపోకుండా చూడటం, అంతే."

'ఒక్కడే' అన్న చోట ఆలిస్ కళ్ళు మూసుకుంది. ఒక వాతలాగే తగిలి ఉంటుంది ఆ మాట. బ్యూలా కావాలనే అంది, కావాలనే వెనక్కి తీసుకోలేదు.

"పోయిన ఆదివారం ఆశీష్ వాళ్ళు వచ్చివెళ్ళాక నిన్ను అడిగాం" అంది ఆలిస్ కళ్ళు తెరవకుండానే. "నేనూ అడిగాను, మీ నాన్నా అడిగారు. అప్పుడు చెప్పొచ్చు కదా. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాం."

"అర్ధమే కద మమ్మీ" అన్నాడు ఇవాన్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మిగిలిన సగం ఎవ్వరూ అడగలే."

బయట రేష్మా ఎవరినో టోకెన్ నంబర్ అడుగుతోంది. ఆలిస్ సంచిలోంచి నీళ్ళసీసా తీసింది. మూత తిప్పింది, మళ్ళీ బిగించేసింది. ఇంతమంది పిల్లల మౌనాన్ని చదివిన మనిషి సొంత ఇంటి మౌనాన్ని తప్పు చదివానని ఒప్పుకోవడానికి కొంత సమయం పడుతుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను" అంది. "ఆ మిగిలిన సగం చెప్పు."

"వద్దు."

"ఆశీష్ వద్దా, పెళ్ళి వద్దా?"

"ఆశీష్ మంచోడు మమ్మీ. ఆయన్ని సుత పరేషాన్ చేసినట్టయితది. రేపు నన్ను పెళ్ళికూతురిని చేసి నిలబెడితే నేను నిలబడ్త. మీరు అడిగితే తాళి సుత కట్టించుకుంట. మరి ఆయన ఎవర్ని చేసుకున్నట్టు?"

ఆలిస్ నీళ్ళసీసా సంచిలో పెట్టేసింది. "నేను దీనికి ఒప్పుకుంటానని అనుకోవద్దు. ఇది నాకు అర్థం కాలేదు. అర్థమైనా ఒప్పుకుంటానో లేదో తెలియదు. వాక్యం ఒప్పుకోదు." చర్చిలో వాక్యమంటే దేవుని మాట, బడిలో వాక్యమంటే కర్త కర్మ క్రియ. ఆవిడ ఏ వాక్యం గురించి అన్నదో బ్యూలాకు తోచలేదు, బహుశా రెండూ కావచ్చు. "కానీ ఊళ్ళోవాళ్ళ పిల్లవాడి గొంతు కోయడానికి కూడా వాక్యం ఒప్పుకోదు. ఆశీష్ తల్లి ప్రిసిల్లా నాతో కలిసి చదువుకుంది. ఆమె మొహం నేనెట్లా చూడను?"

"అయితే ఆపు మమ్మీ. ఆదివారం చదవకముందే ఆపు."

"ఆపడానికి మీ నాన్నకు కారణం చెప్పాలి. ఏం చెప్పను? కట్నం కుదరలేదననా, ఆశీష్ తాగుతాడననా? ఎవరి మీద అబద్ధం చెప్పను?"

బ్యూలా దగ్గర జవాబు ఉంది గాని అది ఆమె చెప్పవలసినది కాదు. మనసులో మాత్రం ఒక చిన్న ఊరట మొదలైంది. ఇవాన్ లేచి వెళ్ళిపోలేదు. తన తప్పు తర్వాత కూడా ఈ గదిలో కూర్చునే ఉన్నాడు. ఇక మీదట ఏం జరిగినా ఇక్కడికి వస్తాడేమో అనుకుంది.

సరిగ్గా అప్పుడు ఆలిస్ సంచిలో ఫోన్ మోగింది. ఆవిడ తీసి చూసి, "మీ నాన్న" అంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అలవాటు ఆవిడకు లేదు. స్పీకర్ నొక్కి మొహానికెదురుగా పట్టుకుంటుంది. అలవాటు చొప్పున అదే చేసింది.

"ఆలిస్, క్లాసులో ఉన్నావా?" యేసురాజు గొంతు ఉత్సాహంగా గదంతా పరుచుకుంది. "ఒక్క నిమిషం. పాస్టరుగారు ప్రకటన ఇప్పుడే రాసి ఇమ్మన్నారు. ఆశీష్ పేరు, వాళ్ళ నాన్న పేరు రాసేశాను. మన పాప పేరు దగ్గర ఆగాను. ఒట్టి ఎలీనా అంటే బావుండదేమో, సంఘంలో చదివేది కదా. పేరు ఏమని రాయమంటావ్?"

ఏం రాయాలో చెప్పడమే జీవితమంతా పనిగా పెట్టుకున్న మనిషి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి గాని చప్పుడు లేదు. అటునుంచి "హలో, హలో, వినబడుతోందా?" అంటున్నాడు ఆయన. ఆలిస్ బ్యూలాను చూసింది. బ్యూలా కదల్లేదు. ఆ ఒక్క క్షణం కదలకుండా ఉండటానికి చేతివేళ్ళు నొప్పిపెట్టేలా బిగించుకుంది.

ఆలిస్ ఫోన్‌ను మేజా మీద పెట్టి, నెమ్మదిగా ఇవాన్ వైపు తోసింది.

"నిన్నే అడుగుతున్నారు" అంది. "చెప్పు."

ఇవాన్ ఫోన్ దగ్గరకు వంగాడు.

"డాడీ."

"అరె, నువ్వూ అక్కడే ఉన్నావా తల్లీ? ఇంకేం, నువ్వే చెప్పు. పెన్ను పట్టుకునే ఉన్నాను."

"జెర ఆ పెన్ను పక్కకు పెట్టు డాడీ. కూర్చొని విను."